షవర్ గోడలకి ఏం వేయించాలో తోమేవాళ్ళని అడగండి

అమ్మ కుడిచెయ్యి మణికట్టు విరిగి నలభై రోజులు కట్టులో ఉన్నప్పుడు బాత్రూమ్ కడిగే పని నాకొచ్చింది. అప్పటిదాకా ఆ షవర్ గోడల్ని రోజూ చూశాను గానీ ఒక్కసారి కూడా తోమలేదు. గోడల డిజైన్ మాత్రం నాదే. ఛాతీ ఎత్తులో చుట్టూ అడుగు వెడల్పున ఒక మొజాయిక్ పట్టీ, అంగుళం అంగుళం గాజు ముక్కలు, నీలం ఆకుపచ్చ కలిపి ఏరి ఏరి పెట్టించాను, దాని కిందా పైనా మామూలు సెరామిక్ టైల్స్, మూలలో సబ్బు షాంపూ పెట్టుకోవడానికి తెల్ల మార్బుల్ పలక. కొత్తలో వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు, నాకూ చాలా సంతోషంగా ఉండేది.

మొదటి ఆదివారం బ్రష్షు పట్టుకుని నిలబడితే అరగంటకే విషయం అర్థమైంది. పెద్ద టైల్స్ మీద స్క్రబ్బర్ ఒక్క లాగు లాగితే అయిపోతోంది. మొజాయిక్ దగ్గరికొచ్చేసరికి బ్రష్షు వెంట్రుకలు గాజు ముక్కల మీదే జారిపోతున్నాయి, సందుల్లోకి దిగట్లేదు. పాత టూత్ బ్రష్షు తీసుకుని ఒక్కో ముక్క చుట్టూ తిప్పాల్సి వచ్చింది. సందులో ఉన్న గ్రౌట్, అంటే టైల్స్ మధ్య నింపే ముద్ద, ఒకప్పుడు తెలుపు, ఇప్పుడు పసుపు పచ్చగా, కింద వరసల్లో నల్లగా. రుద్దితే కొంచెం తెల్లబడినట్టే ఉంటుంది, ఆరాక చూస్తే మళ్ళీ అదే రంగు. గంటన్నర కష్టపడితే పట్టీలో సగం అయింది. ఇన్నేళ్ళూ ఇదంతా అమ్మే చేసింది. ఎప్పుడూ చెప్పలేదేంటి అని అడిగితే, "నువ్వు ఇష్టపడి పెట్టించుకున్నావు కదరా" అంది.

అందుకే ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. షవర్ గోడలకి మెటీరియల్ ఎంచుకునే హక్కు దాన్ని తోమే మనిషిదే. ఇంట్లో ఒకళ్ళు ఎంచుకోవడం, ఇంకొకళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని రుద్దడం అనే ఏర్పాటు నడిచినంతకాలం తక్కువ మెయింటెనెన్స్ అనే మాటకి అర్థమే ఉండదు, ఎందుకంటే ఎంచుకున్నవాళ్ళకి అది నిజంగానే తక్కువ మెయింటెనెన్స్.

ఆ రాత్రే కాగితం తీసుకుని సందుల లెక్క వేశాను. లెక్క చాలా సులువు, ఒక చదరపు మీటర్‌లో ఎన్ని మీటర్ల సందు ఉంటుందో తెలియాలంటే ఒకటిని టైల్ పొడవుతో భాగించి, ఒకటిని వెడల్పుతో భాగించి, రెండూ కలపాలి. అంగుళం ముక్కకి ఇది సుమారు 80 మీటర్లు వస్తుంది. 300 బై 450 మిల్లీమీటర్ల మామూలు గోడ టైల్‌కి ఐదున్నర మీటర్లు. 600 బై 1200 పెద్ద టైల్‌కి రెండున్నర. మా షవర్ మూడు పక్కలా మూడేసి అడుగులు, ఎత్తు ఏడడుగులు, అంటే 63 చదరపు అడుగులు. అందులో మొజాయిక్ పట్టీ 9 చదరపు అడుగులే, అయినా దాంట్లో సుమారు 67 మీటర్ల సందు ఉంది, మిగతా గోడ మొత్తం కలిపి 28 మీటర్లు. గోడలో ఏడో వంతు ఉన్న పట్టీ, మిగతా గోడంతటికీ రెండింతలకి పైగా పని పెడుతోందన్నమాట! అదే మొత్తం గోడకి పెద్ద టైల్ వేసుంటే అటూఇటూగా 15 మీటర్లతో పోయేది. 95 మీటర్లు తోమడం ఎక్కడ, 15 మీటర్లు తోమడం ఎక్కడ, అమ్మ ప్రతి వారం ఆ తేడా అంతా చేత్తో రుద్దింది.

షాపులో మనకి చూపించేది టైల్ ముఖం. దాని మెరుపు, డిజైన్, గీతలు పడతాయా లేదా అన్నవే మాట్లాడుకుంటాం. ఈ రోజుల్లో గ్లేజ్డ్ టైల్, అంటే పైన గాజు పూత ఉన్నది, నున్నగా ఉంటే దాని ముఖం ఇంచుమించు గాజు లాంటిదే, మురికి దాంట్లోకి దిగదు. మురికి నిలబడేది సందులో, మూలలో, గూట్లో, పలక అంచు కింద, గాజు తలుపు దిగిన ఛానల్‌లో. అందుకే టైల్ చూసే ముందు సందులు, అంచులు లెక్కపెట్టుకోమంటాను నేను.

ఇక అసలు మనం తోమేది ఏంటో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మెటీరియల్ ఎంపిక అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. షవర్ గోడ మీద చేరేవి ముఖ్యంగా మూడు. ఒకటి గార, నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం నీళ్ళు ఆరిపోయాక తెల్లగా మిగిలిపోవడం. రెండోది సబ్బు పొర, బార్ సబ్బులో ఉండే కొవ్వు ఆమ్లాలు ఆ కాల్షియంతోనే కలిసి నీళ్ళలో కరగని జిడ్డులా గోడకి అంటుకుంటాయి, కాల్షియం ఎక్కువున్న నీళ్ళలో సబ్బు నురగ రాకపోవడానికి కారణం కూడా ఇదే. మూడోది ఈ పొర మీద, తడి మీద బతికే బూజు, పాచి, సందుల్లో గులాబీ రంగులో జిగటగా కనిపించేది చాలాసార్లు సెరాషియా మార్సెసెన్స్ అనే బ్యాక్టీరియా. సబ్బు పొర ఉంటేనే దానికి తిండి, తడి ఉంటేనే దానికి ఊపిరి.

నీళ్ళు ఎంత గట్టివో చూసుకోండి. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం కలిపి, కాల్షియం కార్బొనేట్ లెక్కన, లీటరుకి 180 మిల్లీగ్రాములు దాటితే చాలా కఠిన జలం కింద లెక్క. మీ నీళ్ళు 300 ఉన్నాయనుకుందాం, స్నానం అయ్యాక గోడల మీద ఒక చిన్న గ్లాసుడు, అంటే వంద మిల్లీలీటర్ల నీళ్ళు మిగిలి అక్కడే ఆరిపోయాయనుకుందాం, రోజుకి 30 మిల్లీగ్రాములు, ఏడాదికి పదకొండు గ్రాములు. అంటే రెండు చెంచాల సున్నప్పొడిని తీసుకెళ్ళి గోడకి పూసినట్టు, అది ఒక్క మనిషి స్నానానికి.

ఈ గార ఊడాలంటే ఆమ్లం కావాలి, వెనిగర్ గానీ నిమ్మ ఉప్పు గానీ. ఇక్కడే మార్బుల్ సంగతి వస్తుంది. గార అంటే ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. మార్బుల్ అన్నా కాల్షియం కార్బొనేటే. గారని కరిగించేది ఏదైనా మార్బుల్‌ని కూడా కరిగిస్తుంది, ఈ రెండింటికీ తేడా ఆ వెనిగర్‌కి తెలియదు. మా మూల పలక మీద సబ్బు డబ్బా ఉండే చోట గుండ్రంగా మెరుపు పోయి గరుకుగా అయిపోయింది, వేలితో తడిమితే సున్నం గోడ ముట్టుకున్నట్టు ఉండేది. అమ్మ ఎప్పుడో ఒకసారి మరక పోవాలని నిమ్మ ఉప్పు నీళ్ళు వేసి వదిలేసిందట. తప్పు తనదేమో అని చాలాకాలం బాధపడిందట కూడా. తప్పు అక్కడ మార్బుల్ పెట్టించినవాడిది. గార పట్టే చోట, గార మందు తట్టుకోలేని రాయి పెట్టకూడదు. సీలర్ కొడితే సరిపోతుంది అంటారు, సీలర్ నీళ్ళు, మరకలు లోపలికి పీల్చకుండా ఆపుతుంది, పైన మెరుపుని ఆమ్లం తినెయ్యడాన్ని ఆపదు. గ్రానైట్ ఈ విషయంలో చాలా నయం, గట్టి రాయి, తేలికపాటి ఆమ్లాలకి చలించదు, అయినా రకాన్ని బట్టి నీళ్ళు పీలుస్తుంది కాబట్టి మధ్యమధ్యలో సీలర్ అడుగుతుంది.

సిమెంట్ గ్రౌట్‌ది కూడా మార్బుల్ కథే. దానికి నీళ్ళు పీల్చే గుణం ఉంది, ఆమ్లం పడ్డప్పుడల్లా కొంచెం కొంచెం అరుగుతుంది, అరిగేకొద్దీ ఇంకా గుల్లబారి ఇంకా మురికి పీలుస్తుంది. తెల్లగా చేద్దామని ఎంత గట్టిగా రుద్దితే అంత త్వరగా పాడవుతుంది. నేను టూత్ బ్రష్షుతో చేసింది అదే.

అందుకని మా బాత్రూమ్ మళ్ళీ కట్టించినప్పుడు అన్నిటికంటే ఎక్కువ పట్టుబట్టింది ఎపాక్సీ గ్రౌట్ గురించి. ఇది సిమెంట్ కాదు, రెజిన్, హార్డెనర్ అని రెండు భాగాలు కలిపి వాడేది, గట్టిపడ్డాక నీళ్ళు పీల్చదు, మరక లోపలికి దిగదు. మా మేస్త్రి గారు మొదట ఒప్పుకోలేదు. "ఎందుకండీ అంత రిస్కు, సిమెంట్ గ్రౌట్ అయితే తీరిగ్గా చేసుకోవచ్చు, ఇది చేతిలో ఉండగానే బిగుసుకుపోద్ది" అన్నారు. ఆయన చెప్పింది నిజమే. కలిపాక ముప్పావుగంట లోపే వాడెయ్యాలి, వేడి ఎక్కువుంటే ఇంకా తక్కువే, టైల్ మీద పడ్డ పొరని అప్పటికప్పుడు తుడవకపోతే తర్వాత అది మసగ్గా అంటుకుని ఒక పట్టాన ఊడదు. కొంచెం కొంచెం కలుపుదాం, ఒక్కో గోడే చేద్దాం, తుడవడానికి నేను పక్కనే నిలబడతాను అన్నాను. అలాగే చేశాం. ఆయన పూసుకుంటూ వెళ్తే నేను వెనకాలే స్పాంజితో తుడుచుకుంటూ వచ్చాను, మూడు గోడలకి ఒక రోజంతా పట్టింది. ఆ ఒక్క రోజు పని మాకు వందల ఆదివారాల పనిని తగ్గించింది.

సందులే లేకుండా టైల్‌కి టైల్ ఆనించి వేయమని అడిగేవాళ్ళున్నారు, అది మాత్రం చెయ్యకండి. టైల్స్ వేడికీ తేమకీ కొంచెం సాగుతాయి, గోడ కదులుతుంది, సందు లేకపోతే అంచులు పెచ్చులు లేస్తాయి, పైగా ఆ వెంట్రుకవాసి సందులోకి గ్రౌట్ దిగదు, నీళ్ళు మాత్రం దిగుతాయి. అంచులు సమానంగా కోసిన రెక్టిఫైడ్ టైల్స్ తీసుకుని రెండు మిల్లీమీటర్ల స్పేసర్ పెట్టించుకుంటే చాలు.

టైల్ విషయానికొస్తే నా ఓటు గ్లేజ్డ్ విట్రిఫైడ్‌కి, పోర్సెలిన్ అన్నా అదే జాతి. దీని నీటి పీల్పు అర శాతం లోపు, మామూలు సెరామిక్ గోడ టైల్‌ది పది శాతం పైన. గోడకి సెరామిక్ పనికిరాదని కాదు, గ్లేజ్ ఉన్నంతవరకూ పైనుంచి బానే ఉంటుంది, పంపు కోసం కన్నం వేసిన చోటా, పెచ్చు లేచిన అంచు దగ్గరా నీళ్ళు తాగుతుంది. షాపులో తేడా తెలుసుకోవాలంటే టైల్ తిరగేసి వెనకవైపు ఒక నీటి చుక్క వెయ్యండి, సెరామిక్ అయితే చూస్తుండగానే ఇంకిపోతుంది, విట్రిఫైడ్ మీద అలాగే నిలబడుతుంది. ముందు వైపు పెన్సిల్‌తో ఒక గీత గీసి తడి గుడ్డతో తుడవండి, సులువుగా పోతే ఆ ఫినిష్ ఇంటికి తెచ్చుకోవచ్చు, గరుకులో గీత ఇరుక్కుపోతే సబ్బు పొర కూడా అక్కడే ఇరుక్కుంటుంది. రాయిలా ఎగుడుదిగుడుగా చేసిన గోడ టైల్స్ ఇప్పుడు చాలామంది వేయిస్తున్నారు, షవర్ లోపల వద్దే వద్దు. రంగు విషయంలో నల్లటి మెరుపు టైల్ మీద ప్రతి నీటి చుక్క తెల్ల మచ్చై కనిపిస్తుంది, బూడిద రంగో ఇసుక రంగో కొంచెం మబ్బు మబ్బుగా డిజైన్ ఉన్నది తీసుకుంటే రెండు రోజులు ఆలస్యమైనా కంటికి ఇబ్బంది ఉండదు. మాట్ నలుపు పంపులు, షవర్లకీ ఇదే మాట.

టైల్ వద్దు అసలు సందే వద్దు అనుకునేవాళ్ళకి పెద్ద షీట్లున్నాయి. సాలిడ్ సర్ఫేస్ అని యాక్రిలిక్ రెజిన్‌లో అల్యూమినియం ఖనిజం పొడి కలిపి చేసేది, 1967లో డూపాంట్ కంపెనీ కోరియన్ (Corian) అనే పేరుతో తయారుచేసింది ఇదే రకం. జాయింట్ కనపడకుండా అతికించొచ్చు, గీత పడితే సన్నగా సాండింగ్ చేసుకోవచ్చు, నా దృష్టిలో డబ్బు పెట్టగలిగితే గోడకి ఇంతకంటే తేలికైంది లేదు. క్వార్ట్జ్ పలకలు కూడా మంచివే, ఎక్కువ భాగం క్వార్ట్జ్, మిగతాది రెజిన్, ఆ రెజిన్ వల్ల ఘాటైన క్లీనర్లు పడవు. పూర్తి యాక్రిలిక్ షీట్లు చౌకా, తేలికా, చేత్తో తాకితే చల్లగా కూడా అనిపించవు, గరుకు పౌడర్ వేసి తోమితే మాత్రం సన్నటి గీతలు పడి ఆ గీతల్లో మురికి కూర్చుంటుంది, అసిటోన్ తగిలితే కరిగిపోతుంది. ఇంట్లో తోమేది మీరొక్కరే అయితే పర్లేదు, నలుగురు నాలుగు రకాలుగా తోమే ఇల్లయితే టైలే నయం. పీవీసీ ప్యానెళ్ళ మీద నాకు నమ్మకం తక్కువ, ప్యానెల్ పాడవ్వదు, ప్యానెల్‌కీ ప్యానెల్‌కీ మధ్య సీలు ఊడితే నీళ్ళు వెనక్కి చేరి బయటికి కనపడకుండా నానుతూ ఉంటాయి. మైక్రో సిమెంట్, అంటే గోడంతా పల్చగా పూసే సిమెంట్ పూత, చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది, సందే ఉండదు, అక్కడ నీళ్ళు ఆపేది పైన కొట్టిన కోటింగ్ మాత్రమే కాబట్టి దాన్ని మళ్ళీ మళ్ళీ కొట్టించుకుంటూ ఉండాలి.

గాజు తలుపు గురించి అడిగేవాళ్ళకి నా సలహా, తలుపు కంటే కదలని ఒక్క గాజు పలక పెట్టుకోండి. కీలు, ఛానలు, రబ్బరు బీడింగు తగ్గితే తోమే చోట్లు తగ్గుతాయి. నీళ్ళు జారిపోయే కోటింగ్ వేసిన గాజు ఉపయోగమే, అది కొన్నాళ్ళకి అరిగిపోతుంది. మరకలు నెలల తరబడి వదిలేస్తే మాత్రం గాజు మసకబారి ఎంత తుడిచినా మునుపటిలా అవ్వదు.

కింద నేల మాత్రం వేరు. గోడకి చెప్పిందంతా నేలకి చెప్పను. అక్కడ చిన్న టైల్స్ ఉండాలి, సందులు ఎక్కువున్నా సరే, ఎందుకంటే కాలు జారకూడదు, నీళ్ళు పోయే ట్రాప్ వైపు వాటం కూడా చిన్న ముక్కలతోనే సరిగ్గా కుదురుతుంది. తడి మీద ఉత్త కాళ్ళతో నడిచే చోటుకి జర్మన్ పద్ధతిలో ఏ, బి, సి అని తరగతులున్నాయి, షవర్‌కి బి ఉండాలి, అంటే ఏటవాలు 18 డిగ్రీలు పెట్టినా కాలు జారకూడదు. విరిగిన మణికట్టు చూశాక ఈ విషయంలో నేను తోమే సుఖం కోసం రాజీ పడను.

టైలూ గ్రౌటూ ఎంత మంచివైనా నీళ్ళని ఆపేది వాటి వెనక ఉన్న వాటర్ ప్రూఫింగ్. గ్రౌట్ ఎపాక్సీ వేశాం కదా అని దాన్ని వదిలేస్తే తర్వాత పక్క గదిలో పెయింట్ ఉబ్బుతుంది. నేలకీ గోడకీ కలిసే మూలల్లో, గోడకీ గోడకీ కలిసే నిలువు మూలల్లో గ్రౌట్ కాకుండా బూజుని తట్టుకునే సిలికాన్ పెట్టించాలి, ఆ మూలలు కదులుతాయి, గట్టిగా ఉండే గ్రౌట్ అక్కడ చీలిపోతుంది. టైల్స్ వేయడానికి ముందే నేల మీద నీళ్ళు నిలబెట్టి ఒక రోజంతా చూడాలి.

రోజూ స్నానం అవ్వగానే వైపర్ లాగేస్తే ఏ మెటీరియల్ అయినా ఒకటే కదా అని మా తమ్ముడు వాదిస్తాడు. వైపర్ లాగితే నిజంగానే సగం పని తప్పుతుంది, నీళ్ళు ఆరితేనే కదా గార. మేమూ లాగుతున్నాం. కానీ పొద్దున్నే పరుగు మీద ఉన్న పిల్లలూ, వచ్చిన చుట్టాలూ, జ్వరంతో ఉన్న మనిషీ లాగరు. ఎవరూ లాగకపోయినా తట్టుకునేలా గోడ ఉండాలి, లాగితే ఇంకా మంచిది. అందం ఏమైపోవాలి అని కూడా అడుగుతాడు. ఆ నీలం ఆకుపచ్చ గాజు ముక్కలంటే నాకు ఇప్పటికీ ఇష్టమే, వాటిని నీళ్ళు పడని గోడకి, అద్దం పక్కన పెట్టుకోవచ్చు, అక్కడ ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి.

రెండోసారి కట్టించేటప్పుడు అమ్మనే షాపుకి తీసుకెళ్ళాను. డిజైన్ల వైపు ఎక్కువ చూడలేదు. వంగకుండా నిలబడి తోమగలిగేలా ఉండాలి, బ్రష్షు దూరని మూల ఎక్కడా ఉండకూడదు, గూడు పెడితే అందులో నీళ్ళు నిలవకూడదు అని మూడు మాటలు చెప్పింది. గూడు ఒకే టైల్‌లోంచి కోయించి, అడుగున పలకకి బయటికి వాటం పెట్టించాం. క్లీనింగ్‌కి కూడా తనే ఒక పద్ధతి పెట్టుకుంది, వారానికోసారి గిన్నెలు తోమే లిక్విడ్, నెలకోసారి నిమ్మ ఉప్పు నీళ్ళు పది నిమిషాలు ఉంచి కడిగెయ్యడం. బూజు కనిపిస్తే బ్లీచింగ్, అదీ వేరే రోజు. ఆమ్లం, బ్లీచింగ్ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపేసిన బాత్రూమ్‌లో అది ప్రాణం మీదకి తెస్తుంది, కాబట్టి ఆ రెండు డబ్బాలూ ఒక చోట కూడా పెట్టం. టాయిలెట్ యాసిడ్ అయితే ఇంట్లోకే తేవట్లేదు, క్రోమ్ పంపులనీ స్టీలునీ తినేస్తుంది.

ఇది జరిగి మూడేళ్ళవుతోంది. గోడలు కడగడం ఇప్పుడు పదిహేను నిమిషాల పని, ఒక వారం అమ్మ, ఒక వారం నేను. కింద ఎడమ మూలలో సిలికాన్ మీద రెండు నల్ల చుక్కలు వచ్చాయి, బ్లేడుతో ఆ పట్టీ కోసేసి, రెండు రోజులు పూర్తిగా ఆరనిచ్చి, కొత్తది పెట్టాలి. ట్యూబు తెచ్చి పెట్టాను, ఈ శనివారం చుట్టాలు వెళ్ళిపోయాక మొదలుపెడతాను.